గృహనిర్వహణము: పెంపుడు కుక్కను పరుల కప్పగించునపుడు

పూర్వము మన యిండ్లలో కుక్క వీధియరుగు క్రింద పండుకొని, మిగిలిన యన్నము తిని, ఇంటివారు ఊరికి పోయినపుడు ఇరుగుపొరుగువారు వేసిన ముద్దతో కాలము గడుపుకొనెడిది. ఉమ్మడి కుటుంబములందు ఇంటికి తాళము పెట్టుటయే యరుదు. ఎవరో యొకరు ఇంట నుండనే యుందురు. నేడు సంసారములు చిన్నవైనవి. కుక్క అరుగు క్రింది నుండి నట్టింటికి వచ్చినది. పెండ్లికో, తీర్థయాత్రకో, విదేశమునందలి కుమార్తె పురిటికో ఇంటిల్లిపాదియు కదలవలసి వచ్చినపుడు దీని నెవరి కప్పగింతుమను చింత గృహిణికే మిగులుచున్నది. హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ వంటి నగరములందు దినమున కింత యని రుసుము పుచ్చుకొని కుక్కలను కనిపెట్టుకొని యుండు వసతిగృహములు కలవు. జనులు వానిని బోర్డింగు లందురు గనుక మేమును ఆ మాటనే వాడుచున్నాము.

బోర్డింగు శుభ్రముగా నున్నదా, గాలి వెలుతురు కలవా, దినమున కెంత పుచ్చుకొందురు అని విచారించువారు అనేకులు. ఆ విచారణ మంచిదే. కాని ఇంటివారికిని బోర్డింగువారికిని నడుమ మాట యెట్లు నడువవలెను, ఏ సంగతి యెవరు ఎప్పుడు చెప్పవలెను అని ముందుగా నిర్ణయించుకొనువారు మిక్కిలి తక్కువ. ఈ నెల మేము దానిని గూర్చియే వ్రాయుచున్నాము. ఇందుకు కారణము మాకు వచ్చిన యొక లేఖ.

విజయవాడ నుండి యొక సోదరి వ్రాసినారు. గత వేసవిలో ఆమె భర్తతో గూడ అమెరికాలోని డల్లాసు నగరమునకు కుమార్తె పురిటికి పోయినది. ఎనిమిదేండ్ల లాబ్రడారు కుక్కను ఊరి వెలుపలి యొక బోర్డింగున విడిచిరి. ప్రతిదినమును ఫోనులో ఒక చిత్రము వచ్చుచుండెను. నాలుగవ వారమున చిత్రములన్నియు ఒకే గోడ ప్రక్కన, ఒకే తీరున నున్నట్లు ఆమెకు తోచెను. అడుగగా, "బాగానే ఉంది అమ్మగారూ, మీరు నిశ్చింతగా ఉండండి" అని ప్రత్యుత్తరము వచ్చెను. అయిదు దినములైన పిమ్మట, ఇచ్చట పగలు 11 గంటల వేళ, బోర్డింగువారు ఫోను చేసిరి. అచ్చట అప్పుడు రాత్రి 12.30 గంటలు. పసిబిడ్డకు నిద్ర చెడునని ఫోనులు మ్రోగకుండ చేసి అందరును పండుకొనియుండిరి. తెల్లవారి చూచుకొనునప్పటికి పదునాలుగు పిలుపులును, వాని క్రింద చిన్న సందేశమును ఉన్నవి. పిడుదుల జ్వరము; ఆరు దినములనుండి తిండి లేదు; రక్తము ఎక్కింపవలెనని వైద్యుడు చెప్పగా మీ అనుమతికై చూచితిమి; మూడు గంటలకు ప్రాణము పోయినది; పూడ్చివేసితిమి. ఇంతియే.

ఆరు దినములు ఏల చెప్పలేదని ఆమె తరువాత అడిగినది. "పురిటింట్లో ఉన్నారు, దూరదేశంలో ఉన్నారు, భయపెట్టడం ఎందుకని చెప్పలేదమ్మా. రేపటికి తింటుందేమో అనుకున్నాము" అని వారు ఏడ్చిరట. పుచ్చుకొన్న సొమ్మును తిరిగి యిచ్చిరట. "వారు చెడ్డవారు కారు. అందువలననే నాకు కోపము తెచ్చుకొనుటకును చోటు లేక పోయినది. నేనేమి చేసియుండినచో వారు నాకు నిజము చెప్పియుందురో మీరు చెప్పుడు" అని యామె ముగించినది.

బోర్డింగువారి సమాధానము మనకు క్రొత్త కాదు. దూరమున నున్నవారికి కీడువార్త చెప్పకుండుట మన యిండ్లలో ఒక మర్యాదగా చెల్లుచున్నది. తాతగారికి జబ్బు చేసినచో పరీక్ష వ్రాయుచున్న మనుమనికి చెప్పము. పరాయిదేశమున నున్న కుమారునికి "కొంచెము నలతగా ఉన్నది, వీలైతే రమ్ము" అని మాత్రమే చెప్పుదుము. మనుష్యుల విషయమున ఈ దాపరికము వలన మేలో కీడో యను తర్కము మాకిప్పుడు వలదు. తాతగారు తన బాధను తాను చెప్పుకొనగలరు. చుట్టును బంధువు లుందురు. కుక్కకు అట్టి వసతి లేదు. దాని స్వభావ మెరిగినవారు దాని యెదుట లేరు. దాని యెదుట నున్నవారు దాని స్వభావ మెరుగరు. ఈ యిరువురి యెరుకయు ఒకచోట చేరినగాని దానికేమైనదో తెలియదు. ఆ సోదరి లేఖలో, "మా కుక్క ఊహ తెలిసిన నాటినుండి యొక్క పూటయు పళ్లెము విడువలేదు" అను వాక్య మొకటి కలదు. బోర్డింగువారు మొదటి దినముననే "ఈ పూట తినలేదు" అని యొక్క మాట వ్రాసియుండినచో ఆమె డల్లాసు నుండియే "వెంటనే వైద్యునికి చూపుడు" అని చెప్పియుండును. పిడుదుల జ్వరము తెలుగుదేశమున కుక్కలకు తరచుగా వచ్చునదే. పిడుదు కరచిన పిమ్మట ఒకటి మొదలు మూడు వారములలో బయటపడును. జ్వరము, మందకొడితనము, తిండి మానుట మొదటి గుర్తులు. ముదిరినచో రక్తము గడ్డకట్టు శక్తి తగ్గి ముక్కునుండి రక్తము కారును, చిగుళ్లు పాలిపోవును. తొలిదినములలో పట్టుకొన్నచో మందులతో చాలవరకు కుదురును. వార్త చెప్పుటకు ఆలసించిన ఆ యారు దినములే చికిత్సకు పనికివచ్చు దినములు.

బోర్డింగువారి వైపు మాటయు వినుట న్యాయము. బోర్డింగు నడుపుచున్న యొకామెతో మేము ముచ్చటించితిమి. "ఇంటివాళ్లు నిజం చెప్పరండీ. చెప్తే కుక్కను పెట్టుకోమని భయం" అని యామె యన్నది. ఒకసారి అప్పగించిన రెండవ రాత్రి ఒక కుక్కకు మూర్ఛ వచ్చినది. అది విషప్రయోగమో, పాముకాటో యని తల్లడిల్లి ఇంటివారికి ఫోను చేయగా, "అప్పుడప్పుడు వస్తుంది, మాత్రలు సంచిలో పెట్టడం మరిచిపోయాము" అనిరట. మూర్ఛకు వేయు ఫినోబార్బిటాలు వంటి మాత్రలు హఠాత్తుగా మాన్పినచో మూర్ఛలు మరింత తీవ్రముగా వచ్చును. మరియొక యింటివారు తమ కుక్క లోగడ కరచిన సంగతి దాచి పెట్టుటచే పనివాని చేతికి గాయమైనది. కావున దాపరికము ఒక్క వైపున నున్నది కాదు. ఇంటివారు అప్పగించుటకు ముందు దాతురు. బోర్డింగువారు అప్పగించుకొనిన పిమ్మట దాతురు. రెండింటికిని మూలము భయమే. రెండింటి ఫలమును కుక్కయే యనుభవించును.

ఇక చేయవలసిన దేమనగా, అప్పగించునపుడు నోటిమాటతో విడువక ఒక పత్రము వ్రాసి రెండు ప్రతులు చేసి ఇరువురును సంతకము పెట్టవలెను. ఇంగ్లండులో 2018 అక్టోబరు 1 నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము కుక్కల బోర్డింగు నడుపుటకు స్థానిక ప్రభుత్వపు అనుమతి కావలెను. ప్రతి కుక్కను గూర్చియు వివరములు వ్రాసిన పుస్తక ముంచుట అందొక నియమము. కుక్క వచ్చిన తేది, పోయిన తేది, గుర్తులు, యజమాని చిరునామా, ఆపదలో పిలువదగిన సమీపమునందలి మనుష్యుని పేరు, నిత్యము చూచు పశువైద్యుని పేరు, లోగడ వచ్చిన రోగములు, నడవడి, తిండి, మందులు, టీకాల తేదులు, అనుమతి పత్రములు ఇవన్నియు అందుండవలెను. మన బోర్డింగువారు అడిగినను అడుగకున్నను గృహిణి యీ వివరములను తానే వ్రాసి యిచ్చుట మేలు. మన పరిస్థితులకు తగినట్లు కొన్నిటిని వివరింతుము.

తిండి సంగతి మొదట వ్రాయవలెను. మన యిండ్లలో అనేక కుక్కలు పెరుగన్నము తిని పెరిగినవి. బోర్డింగున పొట్లములలోని పొడితిండి పెట్టుదురు. తిండి హఠాత్తుగా మారినచో కుక్కకు విరేచనము లగును. మార్చవలసి యున్నచో వారము దినములు కొంచెము కొంచెముగా మార్చవలెను. కావున ఏ పూట ఏమి, ఎంత, ఎవరి చేతితో తినునో వ్రాయుడు. చేతితో కలిపి ముద్ద చేసి పెట్టినగాని తినని కుక్కలు కలవు. సిగ్గుపడక ఆ మాటయు వ్రాయుడు. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెటు కుక్కలకు విషప్రాయములని పనివారికి తెలియకపోవచ్చును. ఇవి పెట్టవలదని వ్రాసిన కీడు లేదు.

రెండవది రోగములును మందులును. మందు పేరు, మోతాదు, వేయు గంట, ఒక మోతాదు తప్పినచో చేయవలసినది వ్రాసి, మందులను బయలుదేరు దినములకంటె వారము దినములకు అదనముగా ఇయ్యవలెను. రేబీస్, డిస్టెంపరు, పార్వో మొదలగు టీకాల కాగితము ప్రతిని జతచేయవలెను. అప్పగించు వేళ ఇరువురును కలిసి కుక్క చెవుల లోపల, వ్రేళ్ల సందుల, మెడపట్టీ క్రింద పిడుదులున్నవో లేవో చూచి, చూచిన దానిని పత్రమున వ్రాయుట మంచిది. తరువాత జ్వరము వచ్చినపుడు మీ యింటనుండి వచ్చినదా, మా యింట తగిలినదా యను తగవుకు తావుండదు.

మూడవది నడవడి. కరచినదా, ఎవరిని, ఏ సందర్భమున? పళ్లెము దగ్గరకు చేయి చాచినచో గుర్రుమనునా? ఇతర కుక్కలతో కలియునా? ఉరుమునకును, టపాకాయలకును భయపడునా? దీపావళి నాడు భయముచే గొలుసు త్రెంచుకొని పారిపోవు కుక్కలు అనేకము. ఆ దినములలో విడుచునపుడు ఈ మాట తప్పక చెప్పవలెను. కరచు కుక్కయని చెప్పినచో పెట్టుకొనరను భయముతో దాచవలదు. చెప్పినపుడు వారు వేరుగా నుంచి, అలవాటుపడిన పనివానినే దాని దగ్గరకు పంపుదురు. ఒప్పుకొననిచో అది మీ కుక్కకు తగిన చోటు కాదని ముందే తెలిసినట్లయినది.

నాలుగవది ఆడకుక్కల సంగతి. అవి సాధారణముగా ఏడాదికి రెండు మారులు ఎదకు వచ్చును. గర్భకాలము సుమారు 63 దినములు. కడపటి ఎద ఎప్పుడు వచ్చినదో తేది వ్రాసి యిచ్చినచో బోర్డింగువారు జాగ్రత్తపడుదురు. ఇది చెప్పుటకు మొగమోటపడి ఊరకుండి, రెండు నెలలకు కలహమాడుట కంటె ముందు చెప్పుట సుకరము.

అయిదవది భాష. ఇది చిన్న సంగతివలె కన్పట్టును గాని మిక్కిలి యుపయోగించును. మన కుక్క "రా", "కూర్చో", "వద్దు", "అన్నం" అను తెలుగు మాటలతో పెరిగినది. బోర్డింగున చూచువారు ఇతర భాషలవారు కావచ్చును. తనకు తెలియని మాటలు గట్టిగా వినబడినచో కుక్క బెదరును. మాట వినుట లేదని పనివాడు విసుగుకొనును. కాబట్టి కుక్క కెరుకైన పది మాటలను, ఆ మాటకది చేయు పనిని వ్రాసి యియ్యుడు. ఇంటిలో ముద్దుపేరొకటి, కాగితము మీద పేరొకటి యున్నచో రెండును వ్రాయుడు.

ఈ పత్రములో అన్నిటికంటె ముఖ్యమైనది ఆపద సంగతి. పొట్ట హఠాత్తుగా ఉబ్బి, వాంతికి ఒకిలించుచు వాంతి రాకుండుట పెద్దజాతి కుక్కలలో అప్పుడప్పుడు కలుగును. కొన్ని గంటలలో చికిత్స జరుగనిచో చచ్చిపోవును. పగ్గు, బుల్‌డాగు వంటి చప్పిడిముక్కు కుక్కలకు మన యెండలలో వడదెబ్బ అట్టిదే. ఇట్టి వేళ అమెరికాలోని యజమానురాలు నిద్రలేచువరకు ఆగుట యనగా కుక్కను చావనిచ్చుటయే. కావున మూడు మాటలు ముందే వ్రాసి సంతకము చేయవలెను. మాకు ఫోను అందనిచో ఈ యూరిలోనే యున్న ఫలానివారు మా బదులు నిర్ణయింతురు. వారును అందనిచో ఇంత సొమ్ము వరకు మీరే చికిత్స చేయింపుడు, ఆ సొమ్ము మేమిత్తుము. ఫలాని పశువైద్యునికి, ఆయన లేనిచో దగ్గరి యాసుపత్రికి చూపుడు. మీ బదులు నిర్ణయించు బంధువునకో స్నేహితురాలికో ఈ సంగతి చెప్పి, ఒకసారి బోర్డింగునకు తీసికొనిపోయి పరిచయము చేయుడు. కొంత సొమ్మును వారియొద్ద నుంచి పోవుట ఇంకను మంచిది. సొమ్ము ఎవరిత్తురో తెలియక పేద బోర్డింగువారు వైద్యుని పిలుచుటకు వెనుదీయుట కలదు.

ఇక కుక్క అచ్చట నున్నంత కాలము వార్త యెట్లు రావలెను? నేడు వాట్సాపులో చిత్రము పంపుట సులభమైనది. చిత్రము చూడ ముచ్చటగా నుండును గాని, కుక్క యొక నిమిషము నిలుచున్నదని తప్ప మరేమియు చెప్పదు. నిన్నటి చిత్రమును నేడు పంపినను మనకు తెలియదు. చిత్రముతో బాటు అయిదు సంగతులు రోజును అడుగవలెను: ఎంత తినినది, నీరు త్రాగినదా, మలము గట్టిగా నున్నదా, ఎంతసేపు నడిపించిరి, మందు ఏ గంటకు వేసిరి. వీనికి రెండు పంక్తుల జవాబు చాలును. అప్పుడప్పుడు కుక్క తిండివద్దకు నడచి వచ్చుచున్న చిన్న వీడియో అడిగినచో, నడకలో నీరసమును, పళ్లెము ముందు అనాసక్తిని పెంచినవారి కన్ను ఇట్టే పట్టుకొనును.

క్రొత్త చోట మొదటి దినము తక్కువ తినుట, రాత్రి అరచుట వింత కాదు. ఈ మాట బోర్డింగువారు ముందే చెప్పవలెను. ఇంటివారు విని కంగారుపడరాదు. రెండవ దినమును ముట్టనిచో మాత్రము వైద్యునికి చూపవలెను. అంతవరకు బాగుగా తినుచుండిన కుక్క నడుమ ఒక పూట మానినచో ఆ పూటనే ఇంటివారికి తెలుపవలెను. నడుమ మానుట మొదట మానుట వంటిది కాదు.

గృహిణులకును ఒక మాట చెప్పవలసియున్నది. దినమునకు పదిమార్లు ఫోను చేసి వేధించుట తగదు. ఇరువది కుక్కలకు అన్నము పెట్టి, చోటు కడిగి, నడిపింపవలసిన పనివారు మనతో మాటలాడుచు కూర్చున్నచో నష్టపడునది ఆ కుక్కలే. ఇరువురికిని వీలైన యొక గంట నిర్ణయించుకొనుడు. అమెరికా, ఇంగ్లండు దేశముల కాలభేదమును చూచుకొని, ఇచ్చటి సాయంకాలము అచ్చటి ఉదయమగునట్లు ఏర్పరచుకొనిన చాలును. ఆ గంటకు రావలసిన వార్త రానిచో విచారింపుడు. వచ్చినచో నిశ్చింతగా నుండుడు. తిరిగివచ్చు తేది మారినచో తెలిసిన దినముననే చెప్పుడు. దసరాకును, సంక్రాంతికిని, వేసవి సెలవులకును బోర్డింగులు నిండిపోవును. మీ కుక్క యుండు చోటు మరియొకరికి మాట యిచ్చియుందురు.

అన్నిటికంటె కష్టమైనది కీడువార్త చెప్పుట. ఇది సందేశముగా వ్రాయరాదు, మాటతో చెప్పవలెను. జబ్బు చేసినదన్న వార్తను అదే గంటలో చెప్పవలెను: ఏమి కన్పట్టినది, ఎప్పటినుండి, వైద్యునికి చూపితిమా, ఇప్పు డేమి చేయుచున్నాము. ఊహలు వలదు, ఓదార్పు తరువాత. ప్రాణము పోయినచో, ఇంటివారితో మాటలాడు వరకు దేహమును చల్లని చోట నుంచవలెను. చావునకు కారణము తెలిసికొనుటకు పరీక్ష చేయింతురా, ఎక్కడ పూడ్చవలెను, కడపటి చూపు వీడియోలో చూతురా యని అడుగవలెను. మెడపట్టీని దాచి యుంచవలెను. విజయవాడ సోదరి తన లేఖలో కుక్క చచ్చినదన్న దానికంటె, తాను లేచునప్పటికే పూడ్చిరన్న దానిని గూర్చి యెక్కువగా వ్రాసినది. ఎనిమిదేండ్లు పెంచినవారికి ఆ నాలుగు గంటలు ఆగియుండుట యొక్కటే మిగిలిన యుపచారము.

చట్టము కూడ ఈ విషయమున మూగగా లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఇతరుల సొత్తును అప్పగించుకొనినవారు వివేకము గల మనుష్యుడు తన సొత్తును చూచుకొనునట్లు దానిని చూడవలెను. ఇది 151వ సెక్షను. దాని ముందరి 150వ సెక్షను, అప్పగించువారు తమకు తెలిసిన లోపమును దాచరాదని చెప్పుచున్నది. అందు ఉదాహరణముగా పొగరుబోతు గుఱ్ఱము కథ కలదు: దాని దుర్గుణమును చెప్పక యెరువిచ్చినవాడు, ఎక్కినవాడు పడి గాయపడినపుడు ఆ నష్టమునకు బాధ్యుడు. కరచు కుక్కను గూర్చి చెప్పక విడుచువారు ఈ గుఱ్ఱమును జ్ఞప్తియం దుంచుకొనవలెను. 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టము మరియొక మెట్టు పైన నున్నది. ప్రాణి యెవరి సంరక్షణలో నున్నదో వారందరును దాని క్షేమము చూచి, నిష్కారణమైన బాధ కలుగకుండ కాపాడవలెనని అందలి 3వ సెక్షను. సొంతదారుకే కాక బోర్డింగువారికిని ఇది వర్తించును. ఈ చట్టమునకై రాజ్యసభలో పాటుపడినది ఒక స్త్రీ, శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్ యని మన సోదరీమణులకు తెలిసియుండుట మంచిది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. రుసుము పుచ్చుకొని చేయు సేవలో లోపము కలిగినచో 2019 నాటి వినియోగదారుల చట్టము క్రింద జిల్లా కమిషనుతో చెప్పుకొనుటకును వీలున్నది. సంతకము పెట్టిన పత్రము అట్టి వేళ ఇరువురికిని సాక్ష్యమగును.

కుక్క ఇంటికి వచ్చిన తోడనే మాట ముగియదు. అనేక కుక్కలు కలిసి యున్న చోట దగ్గుజాడ్యము సులభముగా వ్యాపించును. తగిలిన పిమ్మట రెండు మొదలు పదునాలుగు దినములలో బయటపడును. పిడుదుల జ్వరము మూడు వారములకును రావచ్చును. ఇంటికి వచ్చిన కుక్క దగ్గినను, జ్వరపడినను బోర్డింగువారికి ఆ దినముననే తెలుపుడు. నిందించుటకు కాదు. అచ్చట నున్న తక్కిన కుక్కలను వేరుచేయుటకు, వాని యింటివారిని హెచ్చరించుటకు వారికి వీలగును. బోర్డింగువారును ఒక కుక్కకు అంటుజాడ్యము కన్పట్టినపుడు, ఆ వారమున వచ్చిపోయిన వారందరికిని చెప్పవలెను. చెప్పినచో పేరు చెడునని భయపడుదురు. చెప్పిన బోర్డింగునకే మరల కుక్కను పంపుదమని గృహిణులు నిశ్చయించుకొన్నచో ఆ భయము పోవును.

ఇప్పుడు ఆ సోదరి యడిగిన ప్రశ్నకు మా సమాధానము. అమ్మా, మీరు కోపపడుటకు చోటు లేదనుట సరికాదు. వారు దయ గలవారే కావచ్చును. చెప్పవలసిన దానిని ఆరు దినములు చెప్పకుండుట తప్పే. ఆ తప్పు వారికి తెలియునట్లు మీరు చెప్పుట కఠినత్వము కాదు. ఆ గోడ ప్రక్కన నేడును వేరొకరి కుక్క కట్టబడి యుండును. మరల ఎన్నడైనను మీరొక ప్రాణిని పెంచి, పరుల కప్పగింపవలసి వచ్చినచో, గుమ్మము దాటుటకు ముందే వారితో ఈ మాట యనుడు: "మేము ఎంత దూరమున నున్నను, ఏ శుభకార్యమున నున్నను, ఏ రాత్రియైనను, దీనికి నలతగా నున్నచో మాకు చెప్పుడు. చెప్పినందుకు మిమ్ము నిందింపము. చెప్పకున్నచో మాత్రము క్షమింపము." తరువాత ఆ మాటను నిలుపుకొనుడు. వారు ఫోను చేసి కుక్క తినలేదని చెప్పిన దినమున మొదట మీ నోట వెడలవలసినది "చెప్పి మంచిపని చేసినారు" అను మాట. ఒకసారి నిజము చెప్పి తిట్లు తిన్నవారు రెండవసారి చెప్పరు.

వేసవి సెలవులకు ప్రయాణములు కట్టుకొనుచున్న పాఠకురాండ్రు టిక్కెట్లతో బాటు ఈ పత్రమును గూడ సిద్ధము చేసికొందురు గాక. బోర్డింగునకు ముందుగా ఒక రాత్రికి కుక్కను పంపి చూచుట కూడ మంచిది. ఆ రాత్రి గడచిన పిమ్మట బోర్డింగువా రేమి చెప్పుదురో శ్రద్ధగా వినుడు. "చాలా బాగా ఉంది" అని మాత్రమే చెప్పినచో ఇంకొక చోటు వెదకుడు. "రాత్రి రెండింటి దాకా అరిచింది, సగం అన్నం వదిలేసింది, తెల్లవారి ఆడింది" అని చెప్పినచో అచ్చట విడిచి పోవచ్చును.